ఇంట్లోనే కీమో మాత్రలు: నర్సు చూస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కేపెసిటాబిన్ 500 మి.గ్రా. మాత్రలు పొద్దున మూడు, రాత్రి మూడు చొప్పున 14 రోజులు వాడి, 7 రోజులు ఆపమన్నారు. మధ్యలో నర్సు ఇంటికొచ్చి చూస్తుందట, ఫోన్ చేస్తుందట. డాక్టర్ చూడకపోతే ప్రమాదం కాదా?

జవాబు: మీ బెంగ సహజమే. అయితే ఈ మందు పెట్టే ఇబ్బందులు మొదలయ్యేది ఇంట్లోనే, కొందరికి మొదటి విడత (14 రోజుల మాత్రలు, 7 రోజుల విరామం) పూర్తికాక ముందే. క్యాన్సర్ మందుల్లో శిక్షణ పొందిన నర్సు ఆ రోజుల్లో వచ్చి చూడటం, మూడు వారాలకోసారి ఓపీలో డాక్టర్‌ను కలవడం కంటే ఎక్కువ పనికొస్తుంది. డోసు మార్చేది మాత్రం డాక్టరే.

నర్సు మాత్రలు లెక్కపెడితే అపనమ్మకం అనుకోకండి. 14 రోజులకు 84 మాత్రలు. పదో రోజు రాత్రికి 24 మిగలాలి. ఎక్కువ మిగిలితే కొన్ని పూటలు వేసుకోలేదని, తక్కువైతే పొరపాటున ఎక్కువ మింగారని అర్థం. బరువు, జ్వరం, నోరు, అరచేతులు, అరికాళ్లు కూడా చూస్తుంది. తర్వాతి విడతకు ముందు రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు తప్పనిసరి.

మాత్రలు భోజనమైన అరగంటలోపు, సుమారు 12 గంటల తేడాతో, నీళ్లతో మింగాలి. నూరకూడదు, విరగ్గొట్టకూడదు. ఇచ్చేవాళ్లు గ్లవుజులు వేసుకోవాలి. గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు), ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్లు వాడుతుంటే ముందే చెప్పండి. పూట మరిచినా, మింగాక వాంతయినా మళ్లీ వేయకండి. తర్వాతి పూట రెట్టింపూ వద్దు.

అసలు తప్పు జరిగేది విరేచనాల దగ్గర. ఆపితే క్యాన్సర్ తిరగబెడుతుందేమోనన్న భయంతో ఓర్చుకుని మాత్రలు మింగుతూనే ఉంటారు. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తాయి. మందు బయటికి పోక పేరుకుని విరేచనాలను ఇంకా పెంచుతుంది. కాబట్టి మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి నిద్రలేచి వెళ్లాల్సి వచ్చినా తర్వాతి పూట మాత్ర ఆపి నర్సుకు ఫోన్ చేయండి. రోజులో ఒకటికి మించి వాంతులైనా, నోటిపూతతో తినలేకపోయినా, చేతులూ కాళ్లూ ఎర్రబడి నొప్పి పుట్టినా అంతే. కొన్ని రోజులు ఆపి, అవసరమైతే డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టడం ఈ వైద్యంలో మామూలే. దానికి అమ్మగారు భయపడనక్కర్లేదు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రలు ఆపి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం చూడకుండా పారాసిటమాల్ ఇవ్వొద్దు, అసలు జ్వరం కప్పబడిపోతుంది. కొందరికి ఈ మందును అరాయించే డీపీడీ ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు తొలి రోజుల్లోనే నోటిపూత, విరేచనాలు తీవ్రంగా వస్తాయి. ఆ పరీక్ష చేశారేమో అడగండి.

నర్సు తొలిసారి వచ్చినప్పుడే రాత్రివేళ, సెలవు రోజుల్లో ఏ నంబరుకు చేయాలో, ఎవరు ఎత్తుతారో రాయించుకుని మాత్రల డబ్బాకే అంటించండి.