డార్ట్ కప్పలను (రంగురంగుల చిన్న వర్షారణ్య కప్పలను) పెంచే గాజుపెట్టెలో ఫోమ్‌తో మలచిన వెనుక గోడ సురక్షితమేనా?

పాలీయురెథేన్ ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) పూర్తిగా గట్టిపడ్డాక కప్పలకు హాని ఉండదు. జాగ్రత్త పడవలసింది దానిపై పూసే సిలికాన్ (గాజు అతికించే జిగురు) విషయంలోనే. బూజు నిరోధకాలు కలపని, అక్వేరియంలకు పనికివచ్చే రకాన్నే ఎంచుకోవాలి. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి ఫోమ్ నింపి, గట్టిపడ్డాక కత్తితో రాళ్లు, వేర్ల ఆకారంలో చెక్కి, సిలికాన్ పూసి, అది ఆరకముందే పొడి కొబ్బరిపొట్టును గట్టిగా అద్దాలి. కప్పల చర్మం రసాయనాలను సులభంగా పీల్చుకుంటుంది కనుక, సిలికాన్ నుంచి వచ్చే వెనిగర్ వంటి ఘాటు వాసన పూర్తిగా పోయేవరకు మొక్కలు కూడా నాటకపోవడమే మంచిది. గోడ ఎంత అందంగా కుదిరినా, మధ్య, దక్షిణ అమెరికా వర్షారణ్యాలకు చెందిన, ఎక్కువగా నేలపైనే తిరిగే ఈ కప్పలకు అంతకన్నా అవసరమైనవి అడుగున అదనపు నీరు దిగే మట్టిగోళీల పొర, పైన ఎండుటాకులు, వాటిలో పెరిగే, బూజును తిని కప్పలకు ఆహారమయ్యే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు.