దీవిలో కోట చూడాలంటే

ప్రశ్న: జులైలో న్యూయార్క్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి పోతున్నాం. దీవి మీద ఒక హోటల్ యజమాని కట్టించిన కోట ఉందంట. ఎట్లా పోవాల? మాకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరంటున్నది సెయింట్ లారెన్స్ నదిలో హార్ట్ ఐలాండ్ మీదున్న బోల్ట్ కోట. న్యూయార్క్ నగరం నుంచి కారులో అయిదారు గంటల పైనే; ఒక రాత్రి అక్కడ బస పెట్టుకోండి. తెరిచి ఉండేది సుమారు మే నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా.

అమెరికా ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియా బే అనే ఊళ్లో పడవ ఎక్కండి. కెనడా ఒడ్డు నుంచీ పడవలున్నాయి గానీ, మన పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి, దీవిలో దిగేటప్పుడు అమెరికా తనిఖీ ఉంటుంది. చాలామంది పొరబడేది టికెట్ దగ్గర: పడవ టికెట్ వేరు, కోట ప్రవేశం వేరు. దిగగానే చివరి పడవ ఎన్నింటికో అడగండి.

ఇది మన గండికోట మాదిరి యుద్ధానికి కట్టింది కాదు. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ నడిపిన జార్జ్ బోల్ట్ తన భార్య లూయిస్ కోసం 1900లో మొదలుపెట్టిన 120 గదుల ఇల్లు. 1904లో ఆమె చనిపోగానే పని ఆపించాడు. 73 ఏళ్లు పాడుబడింది. 1977లో అక్కడి వంతెనను చూసుకునే సంస్థ, థౌజండ్ ఐలాండ్స్ బ్రిడ్జ్ అథారిటీ, తీసుకుని బాగుచేయిస్తోంది.

మోకాళ్ల సంగతికొస్తే, సింగారించిన గదులు ఎక్కువగా కింది అంతస్తుల్లోనే. పైవి అసంపూర్తి గోడలు. మెట్లెక్కకపోయినా పెద్ద నష్టం లేదు. ఆ ఓపిక తోటకు, నీటి అంచున ఉన్న పవర్ హౌస్‌కు దాచుకోండి.