లినక్స్‌లో టీవీ ట్యూనర్ కార్డు (కంప్యూటర్లో టీవీ చూపే కార్డు) పెట్టి, శ్రీకాకుళంలో కేబుల్ వైరు నేరుగా దానికే కలిపితే నీలం తెరే వస్తోంది, ఎందుకు?

శ్రీకాకుళంలో కేబుల్ వైరు నేరుగా మీ ట్యూనర్ కార్డుకు (బిటి878 చిప్పు ఉన్నది) పెట్టారు కదా, చిక్కంతా అక్కడే. కేబుల్ ప్రసారం డిజిటల్ అయిపోయింది, ఈ పాత కార్డు అనలాగ్‌నే పట్టుకుంటుంది. ఛానళ్ల స్కాన్ ఎన్నిసార్లు చేసినా దండగే. సెట్‌టాప్ బాక్సు వెనకున్న పసుపు ఏవీ పిన్ను నుంచి కార్డు వీడియో ఇన్‌పుట్‌కు వైరు కలపండి.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ (lspci, కంప్యూటర్లోని కార్డుల జాబితా చూపే ఆదేశం) కొడితే చిప్పు తయారీదారు బ్రూక్‌ట్రీ (Brooktree) పేరు కనబడాలి. కనబడకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కార్డు బయటికి తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి గట్టిగా కూర్చోబెట్టండి. పేరు వచ్చినా వీడియో0 పరికరం (/dev/video0) లేదంటే కార్డును నడిపే బీటీటీవీ (bttv) డ్రైవర్ ఎక్కలేదని అర్థం, మోడ్‌ప్రోబ్ (modprobe) ఆదేశంతో ఎక్కించండి.

తర్వాత టీవీ చూసే ప్రోగ్రాం టీవీటైమ్ (tvtime) తెరిచి, ఇన్‌పుట్ కాంపోజిట్‌కు, అంటే పసుపు వైరు కలిపిన వీడియో ఇన్‌పుట్‌కు, మారేదాకా 'ఐ' (i) మీట నొక్కండి. బొమ్మ దొర్లుతున్నా, రంగులు రాకపోయినా నార్మ్ (టీవీ సిగ్నల్ పద్ధతి) చూడండి: టీవీటైమ్‌లో అది మొదట ఎన్‌టీఎస్‌సీలో (NTSC) ఉంటుంది, అంటే 525 గీతలు. మన దేశానిది 625 గీతల పాల్ (PAL). మెనూలో మార్చండి.

పసుపు వైరులో శబ్దం రాదు. ఎరుపు, తెలుపు వైర్లను 3.5 మి.మీ. పిన్నుతో కంప్యూటర్ నీలం లైన్-ఇన్‌లో పెట్టి, శబ్దం సర్దే ఆల్సామిక్సర్‌ (alsamixer) లో లైన్ మ్యూట్ తీసేయండి. చాలామంది మరిచిపోయేది ఈ మ్యూటే.