రంగులు మారుస్తున్న ఆ చుక్క సిరియస్

డిసెంబర్ చివర్లో రాత్రి ఎనిమిదింటికి ఆగ్నేయం వైపు, ఇళ్ల కప్పులకు కాస్త పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చగా మెరిసేది డ్రోనా అని అడిగారు కదా. టెన్షన్ వద్దండీ, అది సిరియస్. మనవాళ్లు లుబ్ధకుడు అంటారు. రాత్రి ఆకాశంలో ఇంతకంటే ప్రకాశవంతమైన నక్షత్రం లేదు.

దాని అసలు రంగు నీలి ఛాయ ఉన్న తెలుపు. దిగువన ఉన్నప్పుడు దాని వెలుగు దట్టమైన గాలిపొరలు దాటి రావాలి. ఆ గాలి కదలికకు ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది, అందుకే ఆ మిలమిల. పదకొండింటికి మళ్లీ చూడండి, బాగా పైకొచ్చి చాలావరకు తెల్లగా కనిపిస్తుంది.

ఖాయం చేసుకోవాలంటే ఓరియన్ (వేటగాడి ఆకారంలో కనిపించే నక్షత్రమండలం) నడుము దగ్గరి మూడు చుక్కల వరుసను కిందికి పొడిగించండి, నేరుగా దాని దగ్గరికే వెళ్తుంది. దూరం 8.6 కాంతి సంవత్సరాలే. పక్కనే ఒక శ్వేత మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న నక్షత్రం) కూడా ఉంది, దానికి మాత్రం మంచి టెలిస్కోప్ కావాలి.