వెళ్ళే ముందు ఒకసారి చదువు

చిట్టీ,

నువ్వు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత! ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నీ వయసులో నాకా ధైర్యం లేదు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కబురు పెట్టు. వద్దంటే వెళ్ళకు. వెళ్తే ఒక్కదానివే వెళ్ళు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. "నా మనసులో ఉన్నదంతా చెప్పేస్తాను, అప్పుడే నిజాయితీగా ఉన్నట్టు" అన్నావట. ఆ "అంతా" దగ్గరే నేను దెబ్బతిన్నాను.

నాకొక ప్రాణస్నేహితురాలు ఉండేది. నన్ను నమ్మి చెప్పుకున్న ఇంటి సంగతి ఒకటి నేను నలుగురిలో బయటపెట్టేశాను. నెల రోజులు నిద్రపట్టక, చివరికి తనింటికి వెళ్ళాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను మొదలుపెట్టాను. ఆ రోజు నేనెలా ఉన్నానో, ఎవరెలా గుచ్చిగుచ్చి అడిగారో, నా ఉద్దేశం ఎంత మంచిదో, అన్నీ. "నీకు బాధ కలిగి ఉంటే క్షమించవే, కానీ నువ్వూ నాతో మాట మానేశావు కదా" అన్నాను. తన చేతిలో దుప్పటి ఉంది. సగం మడిచినదాన్ని విప్పి, దులిపి, మళ్ళీ మొదటినుంచి మడిచింది. కాసేపటికి మళ్ళీ విప్పింది. ఒక్క మాట అనలేదు. నేను ఏడ్చేశాను. తనే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఇప్పుడు నీకు తేలికపడిందా?" అంది.

అదే మన్నింపనుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా మర్యాదగా పలకరించేది. తన మనసులో మాట మాత్రం మళ్ళీ ఒక్కటీ చెప్పలేదు. ఆ రోజు అడిగిన ప్రశ్న నాకు అర్థమయ్యేసరికి ఏళ్ళు గడిచాయి. దెబ్బ తగిలింది తనకి, ఓదార్పు తీసుకుంది నేను! ఇప్పటికీ దుప్పటి మడతపెడుతుంటే నా చేయి ఆగిపోతుంది.

గాంధీగారి సంగతి చిన్నప్పుడు నీకు చెప్పాను, గుర్తుందా? 15 ఏళ్ళ వయసులో అన్నగారి బంగారు కడియంలోంచి చిన్న ముక్క దొంగిలించి, ఆ తప్పు తండ్రికి నోటితో చెప్పలేక కాగితం మీద రాసిచ్చారు. తప్పు ఒప్పుకున్నారు, తగిన శిక్ష వేయమన్నారు, ఇక దొంగతనం చేయనని మాటిచ్చారు. నా తప్పుకు మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి అని కూడా రాశారు. జబ్బుతో ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివి, కన్నీళ్ళతో తడిసిన ఆ కాగితాన్ని చింపేశారు. ఆ పిల్లవాడికి తండ్రి ఏమైపోతాడోనన్న దిగులుంది. నేను మోసుకెళ్ళినదంతా నా గోడే.

కాబట్టి తల్లీ, నువ్వేం చేశావో అది చెప్పు, పేరు పెట్టి చెప్పు. "బాధ కలిగి ఉంటే" అనకు, కలిగింది. "కానీ" అన్న మాట నోటిదాకా వస్తే అక్కడే ఆగిపో. ఏడుపొస్తే బయటికొచ్చాక ఏడువు. ఆమె తిడితే పూర్తిగా తిట్టనివ్వు. అవతలివాళ్ళ మాట సగంలో అందుకోవడం నీకు మొదటినుంచీ ఉన్న జబ్బు, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఆ ఒక్క రోజుకి మానుకో. మన్నించానని ఆమె అనకపోయినా, అనేదాకా అక్కడే కూర్చోకు.

నీకు చేతకాదని కాదు ఇంత రాసింది. ఐదేళ్ళప్పుడు నా కళ్ళజోడు విరగ్గొట్టి, రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని ఎదురొచ్చావు. "నేనే, పెద్దమ్మా" అన్నావు. అంతే, ఇంకేం చెప్పలేదు. పెదవి వణుకుతున్నా చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ ముక్కలు నా బీరువాలో ఇంకా ఉన్నాయి.

ఆ రోజు ఫోన్ దగ్గర పెట్టుకునే ఉంటాను. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు, ఇంటికి చేరానని ఒక్క మాట పెట్టు.

మీ పెద్దమ్మ