22 అడుగుల మంచు గోడ ఎక్కే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. స్కేట్‌బోర్డు మీద కాళ్లు కుదిరాయి, ఇక మంచు మీద హాఫ్‌పైపు, అంటే నిలువునా సగానికి కోసిన గొట్టంలాంటి మంచు కాలువలో బోర్డు మీద జారుతూ అటూ ఇటూ గోడలెక్కి ఎగిరే ఆట, నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. బరంపురంలో కూర్చుని మంచు కలలేమిటని అమ్మ అంటోందని కూడా రాశావు. అమ్మకి ఈ సంగతి చెప్పు: హాఫ్‌పైపు పుట్టింది మంచులో కాదు. కాలిఫోర్నియాలో నీళ్లు తోడేసిన ఈతకొలనుల్లో స్కేట్‌బోర్డులు తిప్పిన పిల్లల దగ్గర పుట్టి, అక్కణ్ణించి మంచు కొండల మీదికి పోయింది. అందుకే ఆ ఆట ఏ వరసలో పెరిగిందో, నువ్వూ ఆ వరసలోనే నేర్చుకో. ఇవాళ టీవీలో కనిపించేది పై మెట్టు. దానికింద నలభై ఏళ్ల మెట్లున్నాయి.

1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలు, అంటే మంచు మీద జారే బద్దలు, జతచేసి కట్టాడు. దానికి స్నర్ఫర్ అని పేరు. ముందు కొసకి తాడు, కాళ్లకి పట్టు ఏమీ లేదు. 1977లో జేక్ బర్టన్ అమెరికాలోనే వెర్మాంట్‌లో మంచు మీద జారే స్నోబోర్డులు చెయ్యడం మొదలుపెట్టాడు, అటు కాలిఫోర్నియాలో టామ్ సిమ్స్ చేశాడు. సిమ్స్ స్కేట్‌బోర్డు మనిషి. హాఫ్‌పైపు ఆయన వైపు నుంచే వచ్చింది.

1979లో కాలిఫోర్నియాలోని తాహో సిటీలో, ఊరి చెత్త పోసే చోటు పక్కన, మంచు నిండిన ఒక సహజమైన గాడి కుర్రాళ్ల కంటబడింది. పారలతో ఆ గాడి గోడలు చెక్కుకుని, అటూ ఇటూ ఎక్కుతూ దిగుతూ ఆడారు. టెర్రీ కిడ్‌వెల్ అనే కుర్రాడు పైకొచ్చింది అక్కడే. 1983లో అదే కాలిఫోర్నియాలోని సోడా స్ప్రింగ్స్‌లో సిమ్స్ పెట్టించిన ప్రపంచ పోటీల్లో హాఫ్‌పైపు మొదటిసారి పోటీ అంశమైంది. ఆ గోడలు చేత్తో చెక్కినవి, ఇప్పటివాటి పక్కన పెడితే గట్టులాంటివి. నీ మొదటి గోడ కూడా అంతే ఉండాలి.

అప్పటి బోర్డులకి పైకి వంగిన ముక్కు ముందు కొసకే ఉండేది. వెనక్కి నడిపితే తోక మంచులో దిగిపోయేది. 1980ల నడుమ కిడ్‌వెల్ కోసం సిమ్స్ తోకని కూడా గుండ్రంగా తీశాడు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, దానితోనే గోడ ఎక్కి తిరగకుండా వెనక్కే దిగడం కుదిరింది. నువ్వు కొన్నా, అద్దెకి తీసుకున్నా, రెండు కొసలూ ఒకేలా ఉన్న ట్విన్ బోర్డే అడుగు. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగులు ముందు కాలికి ప్లస్ 15, వెనక కాలికి మైనస్ 15 డిగ్రీలు, అంటే వేళ్లు చెరో కొస వైపు కొంచెం తిరిగేలా, పెట్టించు. మోకాలు లోపలికి లాగుతున్నట్టుంటే 12కి దించు.

అసలు మలుపు యంత్రంతో వచ్చింది. చేత్తో తవ్విన పైపులో ఒకచోట వంపు, మరోచోట చదును, ఇంకోచోట గోడ కొస వెనక్కి వాలి ఉండేది. 1990ల మొదట్లో కొలరాడోలో డగ్ వా అనే వ్యవసాయ యంత్రాల మెకానిక్ పైపు డ్రాగన్ అనే కోత యంత్రం చేశాడు. వంపు తిరిగిన చెయ్యి గోడ పొడుగునా ఒకే వృత్తఖండాన్ని కోసుకుంటూ పోతుంది. ప్రతి గోడా ఒకే తీరుగా ఉంటే, ఎక్కేవాడు తర్వాతి గోడ దగ్గర ఏమవుతుందో ముందే లెక్క వేసుకోగలడు. విన్యాసాలు పెరిగింది అక్కణ్ణించే. 1998లో జపాన్‌లోని నగానోలో ఆట ఒలింపిక్స్‌కి ఎక్కింది. గియాన్ సిమ్మెన్, నికోలా థోస్ట్ మొదటి స్వర్ణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో అందరికన్నా మెరుగని పేరున్న టెర్యే హాకన్‌సన్, పోటీ నిర్వహణ స్కీ సమాఖ్య చేతికి పోవడం నచ్చక రానేలేదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ నాటికి గోడ 22 అడుగులకి, అంటే 6.7 మీటర్లకి చేరింది. అంచు దగ్గర 80 డిగ్రీలు దాటి, దాదాపు నిలువు.

ఎత్తు ఎందుకంత ముఖ్యమో లెక్క చూడు. అంచు పైన 4 అడుగులు ఎగిరితే గాల్లో ఉండేది ఒక్క సెకను. 15 అడుగులు ఎగిరితే దాదాపు 1.9 సెకన్లు. విన్యాసాల పేర్లలోని అంకెలు తిరిగే డిగ్రీలు: 1080 అంటే మూడు చుట్లు, 1440 అంటే నాలుగు. కార్క్ అంటే ఒళ్లు పక్కకి వాల్చి తలకిందులవుతూ తిరగడం, డబుల్ అంటే అలా రెండుసార్లు, ట్రిపుల్ అంటే మూడుసార్లు; మెక్‌ట్విస్ట్ కూడా తలకిందులయ్యే తిరుగుడే. ఒక్క సెకనులో నాలుగు చుట్లు ఇమడవు. 2010లో అమెరికా ఆటగాడు షాన్ వైట్ వేసిన డబుల్ మెక్‌ట్విస్ట్ 1260 గానీ, 2018లో అదే దేశపు పదిహేడేళ్ల క్లోయీ కిమ్ వరసగా వేసిన రెండు 1080లు గానీ, 2022 బీజింగ్‌లో జపాన్ ఆటగాడు అయుము హిరానో దించిన ట్రిపుల్ కార్క్ 1440 గానీ, ఈ గోడ ఇచ్చిన సమయంలోంచి వచ్చినవే. కానీ అదే 15 అడుగుల ఎత్తునుంచి గోడ తప్పి అడుగున ఉన్న చదును మీద పడితే పడేది 37 అడుగులు, తగిలే వేగం గంటకి 50 కిలోమీటర్ల పైనే. గోడ మీద దిగితే వంపు ఆ వేగాన్ని మెల్లగా మళ్లిస్తుంది. చదును ఒక్కసారిగా ఆపేస్తుంది. 2009 డిసెంబరు 31న అమెరికా ఆటగాడు కెవిన్ పియర్స్ అక్కడి పార్క్ సిటీ పైపులో డబుల్ కార్క్ సాధన చేస్తూ తలకి పెద్ద దెబ్బ తగిలించుకున్నాడు. హెల్మెట్ ఉన్నా అంత జరిగింది. ఈ వాక్యం అమ్మకి దాచకుండా చదివి వినిపించు, హెల్మెట్ కొనడానికి డబ్బు వెంటనే ఇస్తుంది.

ఇప్పుడు నీ పని. మంచు లేకుండా నేర్చుకోవలసినది సగం ఉంది. హిరానో టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డు మీద కూడా పోటీ చేశాడు. మెక్‌ట్విస్ట్‌కి ఆ పేరు వచ్చింది మైక్ మెక్‌గిల్ అనే స్కేటరు నుంచి, క్యాబ్ అనే ఇంకో విన్యాసానికి వచ్చింది స్టీవ్ కబల్లెరో అనే స్కేటరు నుంచి. కాబట్టి పెరట్లో ర్యాంపు కట్టించు.

సిమెంటు కాలువ గట్టు చాలదు. దానికి అడుగున మూల ఉంటుంది, వంపు ఉండదు. చక్రం ఆ మూలలో తగిలి ఆగుతుంది, నువ్వు ఆగవు. 3 అడుగుల ఎత్తు, 6 అడుగుల వ్యాసార్ధం ఉన్న వంపు చేయించు. నేల మీద 5 అడుగుల 2 అంగుళాలు పరుచుకుంటుంది, పైన కొస 60 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వెడల్పు 8 అడుగులకి తగ్గకూడదు. ఎదురెదురుగా రెండు పెట్టి, మధ్య 8 నుంచి 10 అడుగులు చదును వదులు.

వడ్రంగికి ఇలా చెప్పు. పక్క పలకలకి 18 మిల్లీమీటర్ల ప్లై. వంపు గియ్యడానికి పురికొస వద్దు, సాగుతుంది. ఒక కొసకి మేకు, ఇంకో కొసకి పెన్సిలు బిగించిన చెక్క బద్ద వాడమను. అడ్డ దూలాలు 8 అంగుళాలకొకటి. అంతకన్నా దూరమైతే పై ప్లై వాటి నడుమ కుంగి, చక్రం కింద అలల్లా తగులుతుంది. పైన 6 మిల్లీమీటర్ల ప్లై రెండు పొరలు, కింది పొర అతుకుల మీదికి పై పొర అతుకులు రాకూడదు. వాటర్‌ప్రూఫ్ రకమే తీసుకో. మన వానాకాలానికి మామూలు ప్లై ఉబ్బి పొరలు విడుతుంది, స్క్రూ తలలు పైకి లేస్తాయి, ఆడుతూ పడితే చర్మం చీరేస్తాయి. కోసిన అంచులకి రెండు పూతలు పెయింటు పడాలి, నీళ్లు లోపలికి పోయేది అంచుల్లోంచే. కొస మీద 2 అంగుళాల జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు. దాని బయటి కొలత 60 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్లై మట్టానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు రావాలి. తక్కువైతే కొస ఎక్కడుందో కాలికి తెలియదు, ఎక్కువైతే చక్రాలు తట్టుకుంటాయి.

మొదటి నెల అంతా పంపు చెయ్యడమే, అంటే ఒళ్లు ముడిచి లేస్తూ వేగం పుట్టించడమే. మన ఒడిశాలో రజ పండక్కి వీధుల్లో కట్టే ఉయ్యాల మీద నిలబడి ఊగావు కదా. కొసల దగ్గర ముడుచుకుంటావు, కిందనుంచి పోయేటప్పుడు లేచి నిలబడతావు, ఎవరూ తొయ్యకుండానే ఉయ్యాల పైకి పోతుంది. ఇక్కడా అదే. చదును మీద మోకాళ్లు వంచి ఉండు, వంపులోకి రాగానే కాళ్లతో నేలని తొక్కి లే. పైన మళ్లీ ముడుచుకో, దిగే వంపులో మళ్లీ తొక్కు. చదును మీద ఎంత తొక్కినా వేగం రాదు, అక్కడ కాళ్లు అలిసిపోవడమే మిగులుతుంది. చాలామంది చేసే తప్పు అది. కాలు నేలకి ఆనించకుండా ఇరవైసార్లు అటూ ఇటూ ఊగగలిగాక రెండు వైపులా తిరగడం, ఆపైన తిరగకుండా వెనక్కి దిగడం, ఆఖరికి కొస మీదనుంచి దూకడం. దూకేటప్పుడు భయంతో ఒళ్లు వెనక్కి వాలుతుంది, బోర్డు ముందుకి జారిపోయి తల వెనక భాగం తగులుతుంది. ముందు కాలిని గట్టిగా తొక్కెయ్యడమే దానికి మందు. ఈ ర్యాంపు మీద కొస దాటి గాల్లోకి ఎగరొద్దు. 60 డిగ్రీల గోడ నిన్ను నిలువుగా పైకి కాదు, కొస అవతలికి విసురుతుంది.

ఇదయ్యాక జనవరి, ఫిబ్రవరిల్లో గుల్‌మార్గ్ వెళ్లు. శ్రీనగర్‌కి 50 కిలోమీటర్లు, 2,600 మీటర్లు దాటిన ఎత్తు. మొదటి రోజు ఊపిరి ఎగపోస్తుంది, ఆ రోజు మెల్లగా నడువు, నీళ్లు ఎక్కువ తాగు. అక్కడ పైపు వెతుక్కోకు, రెండు సీజన్లు నీకు వాలు చాలు. బోర్డు అంచు మీద నిలవడం రావాలి. పడేటప్పుడు అరిచెయ్యి చాపొద్దు, పిడికిలి బిగించు, మణికట్టు గార్డులు వేసుకో. కొత్తవాళ్లకి ఎక్కువగా విరిగేది మణికట్టే.

పైపుకి అవసరమైన సూత్రం కూడా ఆ వాలు మీదే పట్టుబడుతుంది: ఎప్పుడూ కొండ ఎగువ వైపున్న అంచు మీదే ఉండాలి. నీది ఎడమ కాలు ముందు. దిగువకి చూసి నిలబడితే నీ కుడి గోడ ఫ్రంట్‌సైడ్, అంటే నీ రొమ్ము తిరిగి ఉండే వైపు. దాని మీదికి కాలివేళ్ల అంచుతో ఎక్కుతావు, పైన తిరుగుతావు, మడమ అంచుతో దిగుతావు. ఎడమ గోడకి మడమతో ఎక్కి వేళ్లతో దిగుతావు. అంచు మారడం గోడ పైనే జరగాలి. అక్కడ మారకపోతే దిగువ అంచు మంచులో దిగబడి, రెప్పపాటులో బోర్లా విసిరేస్తుంది.

పైపులో ఎగరడానికి గోడని తన్నే క్షణం అన్నిటికన్నా ముఖ్యం. కొస రాకముందే తన్నితే, తన్ను గోడకి అడ్డంగా పనిచేసి నిన్ను నడిమి చదును వైపు తోస్తుంది. ఇందాకటి 37 అడుగుల లెక్క గుర్తుంది కదా, అది ఇలాంటి తప్పువల్లే. ఆలస్యమైతే బోర్డు గోడ పైనున్న గట్టుకి తట్టుకుంటుంది. పైపుకి మరీ అడ్డంగా పోతే రెండు గోడలయ్యేసరికి వేగం చస్తుంది, మరీ దిగువకి పోతే నాలుగు గోడలు చెయ్యకుండానే పైపు అయిపోతుంది. దిగే ముందు ఒకసారి పక్కనుంచి నడిచి చదునుని చూడు. 2014 సోచీలో ఎండకి పైపు అడుగు గుంతలు పడి, ఆరితేరిన ఆటగాళ్లే ఇబ్బంది పడ్డారు. గుంతలుంటే ఆ పూట మానెయ్యి. తలకి దెబ్బ తగిలితే, ఎంత చిన్నదైనా, ఆ రోజుకి బోర్డు విప్పేసి డాక్టరుకి చూపించు.

వడ్రంగి ప్లై మీద వంపు గీశాక, కోత పెట్టే ముందు ఫోటో పంపు. పక్కన టేపు పరిచి తియ్యి. రెండు పక్క పలకల్నీ విడివిడిగా గీయించొద్దు, మొదటిదాన్ని కోసి దాన్నే అచ్చుగా పెట్టి రెండోది గీయించు.

ఆశీస్సులతో
మావయ్య