ఎవరి పాలు ఎవరు తాగారో రాసుకో

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. మేకలకు, గొర్లకు మధ్య దాటే, జబ్బును నిదానంగా ముదిరించే లెంటివైరస్‌ల జన్యువుల మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి సంబరపడ్డాను. వైరస్ జన్యువులను పట్టే పీసీఆర్, వాటిని చదివే సీక్వెన్సింగ్ సంగతులు మామునూరు పశువైద్య కాలేజీలో మీ సార్లు నాకన్నా బాగా చెప్తారు. నేను చెప్పేది మంద దగ్గరి సంగతి.

నీ నోటుపుస్తకంలో మొదటి గడి "ఎవరి పాలు ఎవరు తాగారు" అని పెట్టు. ఈ వైరస్‌కు రాజమార్గం ముర్రుపాలు, పాలు. గొర్ల మందలో నాలుగు మేకలు ఎందుకున్నాయని ఏ కురుమ తాతనైనా అడుగు. తల్లి చచ్చిన గొర్రెపిల్లను, కవలల్లో పాలందని దాన్ని మేక పొదుగుకు పట్టిస్తారు. జనగామ దిక్కు ఒక మందలో చూశాను. ఆయన మేక తన్నకుండా దాని వెనక కాలు తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రొమ్ము పిండి చుక్క రాల్చి, పిల్ల మూతికి అందించాడు. పిల్ల తోక ఆడిస్తూ గుటగుటా తాగింది. ఆ మేక ముందరి మోకాళ్లు రెండూ ఉల్లిగడ్డల లెక్క ఉబ్బి ఉన్నాయి. "ముసల్ది సారూ, వాతం" అన్నాడు. నేనూ తలూపి వచ్చేశాను. అది ఈ వైరస్ గుర్తు కావచ్చని, నెత్తురు తీసి పరీక్షకు పంపాలని తోచనే లేదు. డాక్టరుగా అది నా తప్పే.

మన మందల్లో ఈ జబ్బుకు పేరు లేదు. పీపీఆర్ అనే మేకల ప్లేగు వస్తే రోజుల్లోనే మంద పలచబడుతుంది, నీలినాలుక వస్తే మూతి వాస్తుంది. ఇది బయటపడడానికి ఏళ్లు పడుతుంది. మన పొట్టేళ్లేమో ఏడాది చుట్టూనే కోతకు పోతాయి. కాబట్టి వయసులో ఉన్న జీవాలను చూసి మోసపోకు. నాలుగైదు ఈతలు ఈనిన, పండ్లు అరిగిన గొర్లను అడిగి మరీ పట్టించుకో.

ఐస్‌లాండ్ వాళ్లు 1933లో జర్మనీ నుంచి 20 కారకుల్ జాతి గొర్రెలను తెప్పించుకున్నారు. చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి, లోపల మాత్రం ఈ వైరస్ ఉంది. ఆయాసంతో గొర్రెలు చావడం లెక్కకొచ్చేసరికి జబ్బు ఊళ్లు దాటింది. దాన్ని చూసే అక్కడి శాస్త్రవేత్త బ్యోర్న్ సిగుర్డ్‌సన్ 1954లో నిదానంగా ముదిరే అంటువ్యాధులన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. మన దగ్గర 2017లో మొదలైన సర్కారు గొర్ల పంపిణీలో 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చాయి. అందుకని ప్రతి జీవం ఎక్కడిదో, ఎప్పుడు కొన్నారో రెండో గడిలో రాయి.

ఒకప్పుడు మేకల కీళ్లను, మెదడును దెబ్బతీసేది సీఏఈ, గొర్రెల ఊపిరితిత్తులను, మెదడును దెబ్బతీసేది మేడీ-విస్నా, రెండూ వేరనుకునేవాళ్లం. జన్యువులు చదివాక మేడీ-విస్నా పోలికున్న 'ఏ' రకం, సీఏఈ పోలికున్న 'బీ' రకం రెండు జాతుల్లోనూ దొరికాయి. అయితే గొర్రెలో బీ రకం కనబడగానే "మేక నుంచి వచ్చింది" అని రాసెయ్యకు. అది గొర్ల మధ్యనే ఎన్నో ఈతలుగా తిరుగుతుండొచ్చు. అదే మందలోని మేకల వైరస్‌లనూ చదివి, వైరస్‌ల వంశవృక్షంలో గొర్రె కొమ్మ మేకల కొమ్మల నడుమ నుంచి మొలిచిందేమో చూడు. అప్పుడు కూడా మొదటి గడి సాక్ష్యం చెప్పాలి. ఒకే జీవంలో రెండు రకాలు చేరి ముక్కలు మార్చుకోవడమూ ఉంది, గ్యాగ్ అనే జన్యువు ఒక్కటే చదివితే అది తెలియదు. ఎన్వ్ అనే జన్యువు కూడా చదువు. వైరస్ మారేకొద్దీ, పీసీఆర్‌లో దాని జన్యువుకు అంటుకోవాల్సిన ప్రైమర్ అనే తునక అంటదు, ఉన్న జబ్బు లేనట్టు వస్తుంది. యాంటీబాడీలను పట్టే ఎలైసా పరీక్ష తోడు పెట్టుకో. ఆర్నెల్ల లోపు పిల్లల్లో కనిపించేవి తల్లి యాంటీబాడీలే కావచ్చు.

వైరస్ దాక్కునేది తెల్ల రక్తకణాల్లో. నెత్తురు పేరుకోకుండా మందు ఉండే ఈడీటీఏ గొట్టాల్లో తీసిన రక్తాన్ని చల్లగా ఉంచు, మంచులా గడ్డకట్టనీయకు, ఆ రోజే కణాలు వేరుచెయ్. గొట్టం మీద సిరా పెన్నుతో రాయకు. ఒకసారి ఐసుపెట్టెలో మంచు కరిగి నా నంబర్లన్నీ కొట్టుకుపోయాయి. దినమంతా ఎండలో పట్టిన మంద నెత్తురు మోరీ పాలైంది. పెన్సిల్‌తో రాసి, పైన టేపు వెయ్.

ఫలితం వచ్చాక ముందు మందాయనకే చెప్పు. ఇది మనుషులకు రాదని మొదట చెప్పు, మందూ టీకా లేవని తర్వాత చెప్పు. ఊళ్లో, బేరగాళ్ల ముందు మాత్రం నోరు విప్పకు, ధర పడగొడతారు. వైరస్ చచ్చేలా ముర్రుపాలను 56 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి పట్టాలని పుస్తకాల్లో ఉంటుంది. చెలకల్లో మంద కట్టే మనిషికి థర్మామీటర్ ఎక్కడిది? పిల్లలకు పాలిచ్చే ఆ నాలుగు మేకలకు పరీక్ష చేసిపెట్టు, అది ఆయనకు పనికొస్తుంది.

సంక్రాంతికి పోకు, ఐనవోలు జాతర పనిలో నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మిగతా రోజుల్లో తెల్లారకముందే చేరుకో. మంద మేతకు కదిలిందంటే ఇక పొద్దుగూకేదాకా దాని వెనక నడవాల్సిందే.

మీ పెదనాన్న